బొట్టు పెట్టిన మీట

ఇరవై ఏళ్లకు పైగా కీబోర్డు మీద వేళ్లాడించి బతుకుతున్న నేను, అందులో ఒక మీట ఎందుకుందో ఏనాడూ తెలుసుకోలేదు. తెలుసుకోకపోతే పోనీ, దాని జోలికి పోకుండా ఊరికే ఉండొచ్చు కదా. ఉండలేదు. ఏడాదికోసారి దానికి గంధం పూసి, కుంకుమ పెట్టి, అక్షింతలు చల్లి, రెండు చేతులూ జోడించాను. నాకు అన్నం పెట్టే మీటలు నూరు దాకా ఉన్నాయి. వాటన్నిటినీ వదిలి, పనిలేనిదాన్ని వెతికి పట్టుకుని మరీ పూజించాను. నా తెలివితక్కువతనం గురించి మా ఇంటామె చాలా కథలు చెబుతుంది గానీ, ఇంత పొట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే.

మా అంగడి కళ్యాణదుర్గంలో, తాసీల్దారు ఆఫీసుకు పోయే దారిలో ఉంది. అంగడి అంటే పెద్దదేం కాదు. ఒక బల్ల, ఒక పాత కంప్యూటర్, దానికన్నా పాత ప్రింటర్, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ. అర్జీలు, అఫిడవిట్లు, దరఖాస్తులు టైపు చేసిస్తాను. మావాళ్లు టైపు చేయడం అనరు, కొట్టడం అంటారు. "అన్నా, ఒక అర్జీ కొట్టు" అంటూ వస్తారు. రోజుకు పదిమందిని కొట్టి, వాళ్ల చేతనే దండం పెట్టించుకుని పంపే మనిషిని ఈ తాలూకాలో నేనొక్కడినే.

టైపు నేర్చుకునే రోజుల్లో మా మాస్టరు మీటలు కనబడకుండా చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. తొంగి చూస్తే స్కేలు విరిగేది. స్కేలుకు భయపడి నేర్చుకున్నది తర్వాత నా గొప్పతనమైంది. నేను మీటలూ చూడను, తెరా చూడను. నా కళ్లు ఎదుటి మనిషి ముఖం మీద ఉంటాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. కుందుర్పి నుంచి, గుమ్మఘట్ట నుంచి వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుని, "ఆయప్ప చూడకుండానే కొడతాడు" అని పక్కవాళ్లకు చూపించేవాళ్లు. అది విని నేను ఇంకొంచెం పైకి, ఫ్యాను వైపు చూస్తూ కొట్టేవాణ్ని.

కాగితం బయటికి వచ్చాక ఇంకో తంతు ఉంటుంది. చదువు రానివాళ్లకు, వేలిముద్ర వేయించే ముందు రాసినదంతా చదివి వినిపించాలి. అది నా అంగడి నియమం. వినిపించడంలో కూడా నాకు కొంత పేరుంది. కాగితాన్ని చేతిలో పట్టుకుంటానే గానీ, అందులోకి చూడను. ఇప్పుడే నా వేళ్లమీదుగా పోయిన మాటలే కదా, మళ్లీ చూసేదేముంది? హరికథ చెప్పినట్టు గొంతు ఎత్తి దించి అప్పజెప్పేవాణ్ని. విన్నవాళ్లు తమ కష్టాన్నే మొదటిసారి విన్నట్టు తలూపేవాళ్లు.

ఇక పూజ సంగతి. మా పక్క ఆయుధపూజకు పనిముట్లన్నీ కడిగి బొట్టు పెడతారు. మడకకు, కొడవలికి, ఆటోకు, తూకం రాళ్లకు. నా పనిముట్టు కీబోర్డు. మొదటి ఏడాది భక్తి ఎక్కువై, అన్నిటికన్నా గట్టిగా కొట్టే మీటకు, అంటే ఎంటర్‌కు ఇంత బొట్టు పెట్టాను. మరుసటి రోజు నా వేళ్లకు అంటిన కుంకుమ ఒక పెద్దాయన అర్జీ మీద పడింది. ఆఫీసులో గుమస్తా దాన్ని వెనక్కిచ్చి, "ఏం పెద్దాయనా, రక్తంతో రాసినావా?" అన్నాడట. ఆ తర్వాత ఏడాది పూజకు కూర్చున్నప్పుడు మా ఇంటామె హారతి పళ్లెం పట్టుకుని అడిగింది.

"ఈసారి యాడ పెడతావు?"

"ఎవరూ ముట్టుకోని మీటకు పెడతా. అంటదు, చెరగదు."

"ముట్టుకోనిది ఏంటికుండాది మల్ల?"

"ఏమో. అన్ని ఇండ్లల్లో పనిచెయ్యకుండా తినేవాడు ఒకడుంటాడు గదా. అట్ల."

నా నోటి నుంచి వచ్చిన ఆ మాట ఎంత నిజమో అప్పటికి నాకు తెలియదు. పైవరుసలో, తప్పుల్ని చెరిపే మీటకు పక్కనే, ఇన్సర్ట్ అని పేరు రాసుకుని ఒక చిన్న మీట కూర్చునుంది. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా నొక్కిన జ్ఞాపకం లేదు. దానికి చిక్కటి గంధం పూశాను. అప్పటి నుంచి ప్రతి ఏడూ దానికే. పాతది తుడవకుండా దానిమీదే కొత్తది. నాలుగైదేళ్లకు ఆ మీట మీద పేరు కూడా కనబడకుండా పోయింది.

ఆ ఏడాది పూజ అయిన పది రోజులకు ఒకామె వచ్చింది. కుందుర్పి రోడ్డులో బస్సు దిగి రెండు మైళ్లు లోపలికి నడిచే ఊరు ఆమెది. నా వయసే ఉంటుంది. ఆమె నన్ను అన్నా అంది, నేను ఆమెను అక్కా అన్నాను. ఇద్దరిలో ఎవరు పెద్దో ఈనాటికీ తేలలేదు.

"అన్నా, ఒగ అర్జీ కొట్టల్ల."

"ఎవరి మీదక్కా?"

"మా మరిది మీద. నా చేనికి పోయే రస్తా దున్నేసినాడు. రస్తా మొదట్లో ముండ్లకంప అడ్డమేసినాడు."

ఆమె చెప్పినదాన్ని బట్టి సంగతి ఇది. ఆమెకున్న చేను ఒక మూల. తూర్పున వానకు తప్ప పారని వంక, దక్షిణాన గుట్ట, పడమర మరిది భూమి. ఉత్తరపు గట్టు వెంబడి బండి పోయేంత రస్తా ఒకటి ఉంది. అది మరిది చేను అంచు మీదుగా సాగి తారురోడ్డుకు కలుస్తుంది. ఆమె మామ కాలం నుంచి నడుస్తున్నదే గానీ, సర్వే మ్యాపులో గీత లేదు. చేనులో వేరుశనగ కోతకు రాబోతోంది. ఆమె భర్త గొర్రెలు తోలుకుని కన్నడ దేశం వైపు పోయి ఉన్నాడు.

"ఇంగ పదైదు దినాలకు శెనిక్కాయ పీకల్ల. పీకినాంక బండి యాడికి రావల్లన్నా? నా నెత్తి మీదికా?"

"రాకూడదు. నేను కొడతా గదా" అన్నాను, ఫ్యాను వైపు చూసుకుంటూ.

కొట్టాను. హద్దులన్నీ ఒకే వరుసలో, ఒకదాని వెంట ఒకటి వచ్చేలా రాశాను. తూర్పున వంక, పడమరన మా మరిది భూమి, ఉత్తరాన మా మామగారి కాలం నుంచి నడుస్తున్న బండి రస్తా, దక్షిణాన గుట్ట. అంతా అయిపోయి, ప్రింటు తీయబోతుండగా ఆమెకు ఒకటి గుర్తొచ్చింది.

"అన్నా, మరిది అంటే యా మరిది అనుకుంటారు? నాకు ముగ్గురుండారు. నడిపోడు అని ఎయ్యి. వాని పేరు ఎయ్యి. వాండ్ల నాయన పేరు గూడా ఎయ్యి, తప్పిచ్చుకోకుండా."

"వేస్తానుండు" అని పడమటి హద్దు దగ్గరికి వెనక్కి పోయి, ఒక అక్షరం తప్పు పడితే చెరిపి, నడిపివాడి పేరు, వాడి నాన్న పేరు, సాగులో ఉన్న సంగతి, అంతా చేర్చాను. ఆమె ముఖం చూస్తూనే చేర్చాను. కాగితం తీసి, చేతిలో పట్టుకుని, నిలబడి అప్పజెప్పాను. 'ఉత్తరాన మా మామగారి కాలం నుంచి' అన్నచోట గొంతు కొంచెం వణికించాను కూడా. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. వేలిముద్ర వేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

పన్నెండో రోజు మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. కాగితం బల్ల మీద పెట్టి, అరచేత్తో అదిమి పట్టుకుంది, గాలికి పోకుండా కాబోలు.

"సర్వేయరు వచ్చినాడన్నా. ఊరంతా వచ్చె. ఆయప్ప కాగితం చదివి, 'ఏమ్మా, నీ భూమికి మూడే దిక్కులా?' అనె."

"అదేంది?"

"నేనూ అట్లే అన్యా. నాలుగుండాయి సార్, మా అన్న చదివి ఇనిపించినాడు, నేను చెవులారా ఇన్యా, సరిగ్గా చదువు అన్యా. ఆయప్ప మల్లా చదివె. లేదమ్మా అనె. నేను ఊరుకుంటినా? చదువు రాకుంటే వచ్చినోల్లతో చదివించు సార్ అని గట్టిగా అంటి."

నేను కీబోర్డును పక్కకు నెట్టి ముందుకు వంగాను.

"అంగనవాడీ టీచరుతో చదివించినాడు. ఆ టీచరమ్మ గూడా లేదనె. మ్యాపులో రస్తా లేదు, అర్జీలో రస్తా లేదు, ఏం చూసి కొలవల్లమ్మా అని సర్వేయరు కొలిచే గొలుసుపెట్టె మూసుకున్యాడు. మా మరిది నగతా అనె, 'దారే ఉంటే ఆమే రాపిచ్చుకోదా సార్' అని."

కాగితం తీసుకుని, నా జీవితంలో మొదటిసారి నేను కొట్టినదాన్ని కళ్లతో చదివాను. తూర్పున వంక ఉంది. పడమర నడిపి మరిది తన తండ్రితో సహా, సాగుతో సహా దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత రెండు కామాలు, పక్కపక్కనే. వెంటనే దక్షిణాన గుట్ట. ఉత్తరం లేదు. ఆ రెండు కామాల మధ్య నుంచి బండి, రస్తా, మామగారి కాలం అన్నీ పోయాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "ప్రింటర్లో ఇంకు తక్కువై ఉంటుందక్కా" అన్నాను.

ఆమె ప్రింటర్ వైపు చూసింది.

"ఇంకు తక్కువైతే అన్నీ పల్చగ పడల్ల గదన్నా. నా రస్తా ఒక్కటే ఎట్ల పోతాది?"

 ఆ అర్జీనే తెర మీద తెరిచి, పోయిన ఉత్తరపు హద్దును నడుమ చేర్చబోయాను. ఈసారి తెర చూస్తూ. చూస్తుండగానే, నా కళ్ల ముందే, నేను ఒక మాట వేస్తుంటే దాని తర్వాత ఉన్న మాట ఒక్కో అక్షరం లోపలికి పోతోంది. చెరిపి మళ్లీ వేస్తే తినడం ఆగుతుంది. ఇంకోసారి చెరిపితే మళ్లీ తింటుంది. కాసేపు తినడం, కాసేపు నెమరేయడం. ఆమెను రేపు రమ్మన్నాను. ఆ రేపు అనే మాట ఆఫీసుల్లో విని విని ఆమెకు అలవాటే కాబట్టి కొంగు సర్దుకుని పోయింది. ఆ మాట నా అంగట్లో కూడా వినాల్సి వచ్చిందని మాత్రం ఆమె అనుకునే ఉంటుంది.

బస్టాండు దగ్గర మిక్సీలు, కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. పిలిపించాను. ఆయన కీబోర్డును తలకిందులు చేసి బల్ల మీద రెండుసార్లు తట్టాడు. ఎండిన గంధం పెచ్చులు, కుంకుమ, పసుపు అంటిన బియ్యం గింజలు రాలాయి.

"ఏమప్పా, ఇది కీబోర్డా, దేవునిగూడా?"

"ఆయుధపూజకు పెట్టింది."

"దీనికేనా పెట్టేది? ఎవురు చెప్పినారు నీకు?"

ఆయన గోటితో గీకి చూపించాడు. ఏళ్ల తరబడి పూసిన గంధం కిందికి కారి, రాయిలా గట్టిపడి, ఈ ఏటి పూతతో ఆ మీటను పక్కనున్న చెరిపే మీటకు అతికించేసింది. నేను తప్పు చెరిపిన ప్రతిసారీ ఇది కూడా నొక్కుకుంటోంది.

"ఇది నొక్కుకుంటే ఏమవుతాది?" అన్నాను.

"ఇన్నేళ్లనుంచి కొడతాండావు, తెల్దా? ఒకసారి నొక్కితే, నువ్వు నడుమ యేసే మాట, దాని తర్వాతుండే మాటను పక్కకు జరపదు, తినేస్తాది. మల్లా నొక్కితే మామూలు. అందుకే పెట్టినారు దీన్ని."

"ఇన్సర్ట్ అంటే చేర్చడమని గదా పేరు!"

"పేరుదేముందన్నా. మా ఈధిలో శాంతమ్మ అని ఒకామె ఉండాది, వచ్చి చూడు."

తినే మీటకు నైవేద్యం పెట్టి పెంచింది నేనే. ఆ రోజు మధ్యాహ్నం అంగడి తలుపు ఓరగా వేసి, పూజ అయినప్పటి నుంచి కొట్టిన అర్జీలన్నీ తెర మీద తెరిచి చదివాను. ఒకాయన పింఛను అర్జీలో 'వృద్ధుడను' పోయింది. ఒకామె అర్జీలో ఆమె ఊరు పోయింది. వాళ్లను వెతికించి మళ్లీ కొట్టిచ్చాను. వాళ్లకు పోయినవి మాటలే. కుందుర్పి రోడ్డు ఆమెకు పోయింది రస్తా.

మరుసటి రోజు ఆమె వచ్చింది. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివి వినిపించాను. ఉత్తరం దగ్గరికి రాగానే, "ఆగన్నా" అని, ఆ మాట యాడుందో చూపించమని అడిగి, దాని మీద తన వేలు కూడా పెట్టి చూసుకుంది. చదవలేని మనిషి. నల్లగా ఏదో ఉందన్న మాట నిజమా కాదా అని చూసుకుంది, అంతే.

కానీ సర్వేయరు ఒక్కడు, ఊళ్లు నలభై. మళ్లీ ఆమె ఊరి వంతు రావడానికి మూడు వారాలన్నారు. చేను అన్ని రోజులు ఆగదు. నేల ఆరి గట్టిపడితే చెట్టు పీకినప్పుడు కాయ భూమిలోనే నిలిచిపోతుంది. ఆమె కూలీలను పెట్టి పీకించేసింది. కాయలతో ఉన్న కట్టె, అంటే పీకిన చెట్టు, అంతా చేనులో వాములుగా పడి ఉంది, బండి లేక. పైన మబ్బు పట్టింది. ఏడాది పొడుగునా ఎవరు పిలిచినా రాని మబ్బు.

నేను ఆఫీసుకు పోయి గుమస్తాను బతిమాలాను. ఆయన మంచివాడే, వరుస పుస్తకం తిప్పి చూపించాడు. ఆమెకన్నా ముందు పదకొండు ఊళ్లవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఆరుగురి అర్జీలు నేను కొట్టినవే. ఎవరిని వెనక్కి జరపమంటాను? మరిది సంతకొస్తే టీ అంగడి దగ్గర పట్టుకున్నాను. నెమ్మదైన మనిషి. నాకు కూడా టీ చెప్పాడు.

"తప్పు నాదప్పా. కాగితంలో పడలే గానీ, రస్తా ఉండే మాట నీకూ తెలుసు గదా" అన్నాను.

"సామీ, నేను చదువుకోనోన్ని. నువ్వు కొట్టిన కాగితం మీదనే నమ్మకం పెట్టుకోనుండా" అన్నాడు, తాగిన గ్లాసు తనే కడుగుతూ.

ఆదివారం బస్సెక్కి ఆమె ఊరికి పోయాను. ఎందుకు పోతున్నావని మా ఇంటామె అడిగితే, "మొయ్యడానికి" అన్నాను. ఆమె నా భుజాలు, నా పొట్ట ఒకసారి చూసి, ఒక పాత తువ్వాలు ఇచ్చింది.

బండి పోని చేను నుంచి ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తలమోపులతో కట్టెను మోస్తున్నారు. తూర్పున వంకలోకి దిగి, ఇసుకలో నడిచి, అవతలి ఒడ్డెక్కి, అక్కడి నుంచి చుట్టు తిరిగి రోడ్డుకు. ఒక బండి ఒక్కసారి తెచ్చేది ఇరవై మోపులు. నేను తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. మోపు ఎత్తగానే మెడలోకి, చొక్కాలోకి మట్టి జారింది. కట్టె కళ్ల మీదికి వేలాడి ముందేముందో కనబడలేదు. వంక దిగేచోట కాలు మడతపడి, మోపుతో సహా ఇసుకలో కూర్చుండిపోయాను. వెనక వస్తున్న ఆడవాళ్లు ఆగారు.

"అన్న నడిచేది గూడా చూడకుండానే నడుస్తాడు" అందామె. మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. రాలిన కాయలు ఇసుకలోంచి ఏరుతూ, తల ఎత్తకుండానే చెప్పాను.

"ఇంకు కాదక్కా. నేనే. చూసుకోలే. కాగితంలో లేనిదాన్ని ఉన్నట్టు చదివినా."

ఆమె కాయలు ఏరడం ఆపలేదు.

"తెలుసులే అన్నా. ఆ పొద్దే తెలిసె. ఎత్తు, మోపు ఎత్తు."

సాయంత్రం బస్సు వేళకు నలభై మోపులు దాటించాం. నావి అయిదు. సగం వాములు ఇంకా చేనులోనే ఉన్నాయి.

మంగళవారం వాన పట్టుకుంది. మా ఊళ్లో వాన పడితే పండగ. అంగళ్లవాళ్లు పని వదిలి చూరు కింద నిలబడి చేతులు చాస్తారు. నా బెంచీ మీద ముగ్గురు రైతులు కూర్చుని, "మంచి వాన", "బోర్లు ఊరతాయి", "పడనీ, ఇంగా పడనీ" అంటున్నారు. ఈ గడ్డ మీద పుట్టి, ఈ ఎండకు పెరిగి, ఆ రోజు నేను వాన ఆగాలని మొక్కుకున్నాను. పైకి చెబితే తంతారని లోపలే మొక్కుకున్నాను. "ఏమన్నా, నువ్వేం మాట్లాడవు?" అని ఒకాయన అడిగితే, "మంచి వాన" అన్నాను. మూడు రోజులు పడింది. వంక పారింది. అంటే మోపులు మోసిన దారి కూడా మూసుకుంది. చేయడానికి ఏమీ లేదు. నా చేతిలో ఉన్నది కాగితాలు కొట్టడం. వానకు అర్జీ ఎవరి పేరున కొట్టాలి?

మూడు వారాలకు సర్వేయరు వచ్చాడు. కాగితంలో నాలుగు దిక్కులూ ఉన్నాయి. ఊరి పెద్దమనుషులు సాక్ష్యం చెప్పారు. కంప తీయించి రస్తాకు రాళ్లు పాతించారు. ఆ సంగతి చెప్పడానికి ఆమె అంగడికి వచ్చింది.

"రస్తా ఇచ్చినారన్నా."

"సంతోషమక్కా."

"ఏం సంతోషం? తోలుకొచ్చేదానికి ఏముండాది? ఉత్త బండి తోలి చూపిచ్చినాం సర్వేయరుకు." బెంచీ అంచున కూర్చుంది. "మిగిలిన కాయ సగం మొలకలొచ్చె. కట్టె బూజు పట్టె. ఎనుములు మూతి పెట్టల్యా."

కొంగు ముడి విప్పి నాలుగు కాయలు తీసింది. నల్లగా, మెత్తబడి, ముక్కు దగ్గర పగిలి ఉన్నాయి. వాటిని కీబోర్డు మీద, సరిగ్గా ఆ మీట ఉన్న మూల, వరుసగా పెట్టింది.

"మిక్సీలాయప్ప చెప్పె, దీనికి పూజ చేస్తావంట గదా. పెట్టుకో, నైవేద్యానికి."

అని బస్సు వేళైందని వెళ్లిపోయింది. ఆ మాటలో కోపం ఉందా, ఎగతాళి ఉందా, రెండూ అలిసిపోయి ఉన్నాయా, నాకు తెలియలేదు. కాయలు మాత్రం పారేయలేక సొరుగులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే స్క్రూడ్రైవర్ పెట్టి ఆ మీటను పీకేశాను. గోరంత ముక్క. గంధం పట్టి పసుపుపచ్చగా ఉంది. అది కూడా సొరుగులోకే పోయింది, కాయల పక్కకు. కీబోర్డులో ఒక పన్ను ఊడినట్టు ఖాళీ మిగిలింది. అప్పటి నుంచి నేను తెర చూసే కొడతాను. చదివేటప్పుడు మాట మాట కింద వేలు పెడతాను. "అన్నకు కండ్లు తగ్గినట్టుండాది" అని బెంచీ మీద చెప్పుకుంటారు. హరికథ పోయినందుకు కొందరు బాధపడ్డారు కూడా.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. అంగడి కడిగి, మామిడాకులు కట్టాం. మా ఇంటామె హారతి పళ్లెం పట్టుకుంది.

"ఈ యేడు యాడ పెడతావు బొట్టు?"

"బల్లకు పెడతా. బల్ల ఎవరినీ తినలేదు."

పూజ చివర దిష్టి తీయడానికి బూడిదగుమ్మడికాయ ఉంటుంది. పక్కన చిన్న బొక్క పెట్టి, అందులో కుంకుమ, ఒక నాణెం వేసి, కర్పూరం వెలిగించి, అంగడికి మూడుసార్లు తిప్పి, రోడ్డు మీద పగలగొడతారు. నేను కుంకుమ వేశాను. నాణెం బదులు సొరుగు తీసి, ఆ మీటను వేశాను. మా ఇంటామె చూసి, బొక్కకు మూత తనే పెట్టి అదిమింది.

తిప్పాను. ఎత్తి, నా బలమంతా పెట్టి, తారు మీద విసిరాను. గుమ్మడికాయ నాలుగు చెక్కలై, ఎర్రటి నీళ్లు పారి, దాని మధ్య ఆ మీట మాత్రం చెక్కు చెదరకుండా వెల్లకిలా పడి ఉంది. అప్పుడే బస్టాండు నుంచి కుందుర్పి బస్సు మలుపు తిరిగింది. దాని ముందు చక్రం సరిగ్గా ఆ ముక్క మీదుగా పోయింది. వెనక చక్రం కూడా పోయింది.

"ఐపాయ గదా, రా లోపలికి" అంది మా ఇంటామె.

"నువ్వు పద" అని, అది నుజ్జయిందో లేదో కళ్లారా చూసుకోవాలని, నేను ఇంకో బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.